చూడ్డానికేమీ లేని చోటు

ఆ ఆసుపత్రిలో ఎక్స్‌రే గది ఎక్కడని అడిగితే ఎవరైనా ఓ క్షణం ఆలోచిస్తారు. ఊపిరక్క గది ఎక్కడంటే మాత్రం ఊడ్చే మనిషి దగ్గర్నుంచి పెద్ద డాక్టరు దాకా ఠక్కున వేలు చూపిస్తారు. ఇరవై ఆరేళ్ళుగా ఆమె ఆ గదిలో రోజుకి అరవై డెబ్భై సార్లు చెప్పే మాటలు మూడే: "గాలి పీల్చండి. బిగబట్టండి. ఇక వదలండి." అసలు పేరు మెడలో వేలాడే కార్డు మీద ఉంది. దాన్ని చదివినవాళ్ళు లేరు.

అలాంటి మనిషి నలభై ఏడో ఏట వీపున గాలి సిలిండరుతో నీళ్ళలో మునిగే స్కూబా నేర్చుకుందంటే నమ్మరుగానీ, నేర్చుకుంది. తప్పంతా చెల్లెలిది. ఆ చెల్లెలు సెలూన్ నడుపుతుంది. చేతిలో కత్తెరా నోట్లో మాటా ఒకేసారి ఆడుతుంటాయి. ఎవరో కస్టమరు ఫోన్లో సముద్రం అడుగు ఫొటోలు చూపించిందట. వారం తిరక్కుండా ఇద్దరి పేర్లూ క్లాసులో రాయించేసింది. "ఒంటరిగా దిగనివ్వరక్కా, జంట ఉండాలి. నాకు నువ్వు తప్ప ఎవరున్నారు?" అని ఓ మాట వదిలింది. చిన్నప్పట్నుంచీ ఆ మాటకి అక్క కరగని రోజు లేదు.

ఈత కొలనులో పాఠాలయ్యాయి. ఊరి బయట నీళ్ళు నిండిన పాత క్వారీలో నాలుగు మునకలయ్యాయి. నేర్చుకున్నట్టు చేతికి కార్డులొచ్చాయి. ఆ తర్వాతే అసలైన సముద్రంలో మొదటిసారి దిగారు, ఆమె కొంప మునిగిందీ అక్కడే.

ఆరు మీటర్ల లోతులో, కళ్ళనీ ముక్కునీ మూసే అద్దంలోకి చారెడు నీళ్ళు వచ్చాయి. అంతే. వాటిని బయటికి ఊదే పద్ధతి నేర్చుకుంది, కొలనులో పదిసార్లు చేసింది కూడా. కానీ ఆ క్షణంలో ఆమె ఊపిరి బిగబట్టి, కాళ్ళు తపతపా కొడుతూ పైకి పరిగెత్తబోయింది. వెంట ఉన్న గైడు కాలు పట్టి ఆపకపోతే ఏమయ్యేదో! పడవ మీదకొచ్చాక అతను గొంతు తగ్గించి అన్నాడు, "మేడమ్, బిగబట్టి పైకొస్తే లోపలి గాలి ఉబ్బి ఊపిరితిత్తులు చిరుగుతాయి. ఏం చేసినా చెయ్యండి, ఊపిరి మాత్రం ఆపొద్దు. మొదటి పాఠమే ఇది."

మొదటి పాఠమే తప్పిన విద్యార్థిని ఇంటికొచ్చి అందరికీ చెవి నొప్పని చెప్పింది. ఆ రోజు చెల్లెలు కూడా మధ్యలోనే పైకొచ్చేసింది, దారిలో పల్లెత్తు మాట అనలేదు. ఆ తర్వాత స్కూబా క్లబ్బువాళ్ళు రెండుసార్లు పిలిస్తే, "మా అక్కకి చెవి తగ్గాక వస్తాం" అని రెండుసార్లూ మానేసింది. ఎనిమిది నెలలైంది. ఆ చెవి ఎంతకీ తగ్గకపోతుంటే ఊపిరక్కకి అన్నం సహించడం మానేసింది. చెల్లెలి సరదా తన మూలంగా ఆగిపోయింది. ఈసారి సెలవుల్లో తాడో పేడో తేల్చుకోవాలనుకుంది. దిగగలిగితే సరే. లేకపోతే నిజం చెప్పేసి, "వేరే జంటని చూసుకోవే" అనాలి.

ఇక చోటు వెతకడం మొదలైంది. "ఎక్కడికో నువ్వే చెప్పక్కా, నేను రెడీ" అంది చెల్లెలు, ఎంతో ఉదారంగా. అని ఊరుకుందా? మూడు రంగురంగుల కాగితాలు తెచ్చి ఫ్రిజ్ తలుపుకి అంటించి పోయింది. ఒకదాని మీద నిట్టనిలువు పగడాల గోడ, ముప్పై మీటర్ల లోతు. రెండో దాని మీద మునిగిపోయిన ఓడ. మూడో దాని మీద సొరచేప, పళ్ళన్నీ కనిపించేలా.

పాల కోసం ఫ్రిజ్ తెరిచిన ప్రతిసారీ ఆ సొరచేప ఊపిరక్కని పలకరించేది. ఆమె మొగుడు ప్లంబరు. నీళ్ళకి సంబంధించిన ఏ విషయంలోనైనా చివరి మాట తనదేనని ఆయన నమ్మకం. ఆ కాగితాల ముందు చేతులు కట్టుకు నిలబడి, "ఇదంతా ఒత్తిడి సంగతోయ్. పైపులో ఒత్తిడి ఉన్నప్పుడు వాల్వు తెరిచి ఉంచాలి. బిగించావో, పగిలి ఊరుకుంటుంది" అన్నాడు. చేతిలో గరిటె ఉంది కాబట్టి ఆమె ఆయన వైపు చూడకుండా నిగ్రహించుకుంది. పాపం, ఆ మనిషి జీవితంలో ఇంకెప్పుడూ అంత సరైన మాట అనలేదని ఆమెకి తర్వాత తెలిసింది.

ఆసుపత్రిలో ఫిల్ములు కడిగే రోజులు పోయాక పాత చీకటిగది సామాన్ల కొట్టయింది. మధ్యాహ్నం టీ వేళ అందులో దూరి, అట్టపెట్టె మీద కూర్చుని, ఒక్కొక్క చోటికీ ఫోన్ చేసింది. అందర్నీ ఒకటే అడిగింది, "మధ్యలో నాకు భయం వేస్తే ఏం చేస్తారు?"

గోడ దగ్గరివాళ్ళు నవ్వారు. "మా దగ్గరకొచ్చి భయపడ్డవాళ్ళే లేరండీ!"

ఓడ దగ్గరివాళ్ళు ధైర్యం చెప్పారు. "కార్డుంది కదా మేడమ్, ఇంకేం భయం?"

సొరచేపల వాళ్ళయితే ఆ భయాన్ని కూడా వీడియో తీసి పంపుతామన్నారు.

ఇంకొక్క నంబరు మిగిలింది. ఎక్కడో పత్రిక మూలలో, బొమ్మా రంగూ లేని రెండు ముక్కల ప్రకటన: "లోతు తక్కువ. తొందర లేదు." చేసింది. అవతల ఎత్తిన పెద్దాయన గొంతు నిద్రలో లేపినట్టు గరగరలాడింది.

"మా దగ్గర చూడ్డానికేం లేదమ్మా. నాలుగు మీటర్ల నీళ్ళు, ఇసక, కాస్త గడ్డి. పెద్ద చేపలు కావాలంటే వేరే చోటికి వెళ్ళండి."

వ్యాపారం చేసే పద్ధతి ఇదా అని ఆమెకి నవ్వొచ్చింది. అయినా తన ప్రశ్న అడిగింది.

"పోయినసారి ఏం జరిగింది?" అని ఎదురడిగాడాయన.

ఊపిరక్క చెవి నొప్పి అనబోయింది. ముక్కూ మొహం తెలియని మనిషి దగ్గర దాచి బావుకునేదేముందని, అట్టపెట్టె మీద కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పేసింది. మొగుడికీ చెల్లెలికీ చెప్పనిది.

"ఏం పని చేస్తారమ్మా మీరు?"

చెప్పింది.

"అయితే నన్ను పేషెంటనుకుని ఓసారి చెప్పండి, మీ గదిలో చెప్పినట్టే."

ఇదేం కోరికరా బాబూ అనుకుంటూనే చెప్పింది. "గాలి పీల్చండి. బిగబట్టండి..." నాలుగు క్షణాలు ఆగి, "ఇక వదలండి."

అవతల చిన్న నవ్వు వినపడింది. "అమ్మా, నాతోపాటు మీరూ బిగబట్టారు. ఫోన్లో తెలిసిపోయింది."

ఇరవై ఆరేళ్ళు. రోజుకి డెబ్భై సార్లు. కదిలితే బొమ్మ చెడుతుందని ప్రతి రోగితోపాటూ తనూ బిగబడుతోంది! ఎప్పుడు ముఖ్యమైన క్షణం వచ్చినా ఊపిరి ఆపమని ఒంటికి తనే నేర్పింది. పిరికిదాన్నని ఎనిమిది నెలలుగా తనని తను తిట్టుకుంటోంది. ఇది పిరికితనం కాదు, పనితనం. ఆ చీకటి కొట్లో ఆమెకి కళ్ళు చెమర్చాయి.

"ఇది వెంటనే పోయే అలవాటు కాదు. రండి, చూద్దాం. భయం వేస్తే ఉన్నచోటే ఆగండి, నేనే పైకి తీసుకొస్తాను. నాలుగు మీటర్లేగా" అన్నాడాయన.

సాయంత్రం ఆమె ఫ్రిజ్ మీది సొరచేపని పీకి, ఆ చిన్న ప్రకటన అంటించింది. చెల్లెలు వచ్చి చదివి, "ఇసక చూడ్డానికా అక్కా అంత దూరం?" అని పకపకా నవ్వింది. నవ్వి, అంతలోనే అక్క మొహం చూసి, "బాగుంటుందిలే, ఇసక నేనెప్పుడూ సరిగ్గా చూడలేదు" అంది. బ్యాగులు మోయడానికి ప్లంబరుగారు సిద్ధమయ్యారు.

అక్కడ నిజంగానే ఏమీ లేదు. రేకుల షెడ్డు, తలకిందులుగా వేలాడుతున్న రబ్బరు సూట్లు, కాలు విరిగిన ప్లాస్టిక్ కుర్చీ, దాని మీద నెరిసిన గడ్డంతో ఆ పెద్దాయన, అక్కడ అందరికీ మాస్టారు. మొదటి రోజు ఆయన వాళ్ళని లోతుకి రానివ్వనేలేదు. నడుం లోతు నీళ్ళలో నిలబెట్టి, మొహం ముంచి ఊపిరి వదలడమే రెండు గంటలు చేయించాడు. ఒడ్డున ప్లంబరుగారు లెక్కపెట్టాడు, తప్పు తప్పుగా.

"చెవులు వినపడని రోగులొస్తే ఎలా చెప్తారమ్మా?" అని ఒడ్డుకొచ్చాక అడిగాడు మాస్టారు.

"చేత్తో చెప్తాను." అరచెయ్యి పైకి లేపితే పీల్చమని. పిడికిలి బిగిస్తే ఆపమని. వేళ్ళన్నీ ఒక్కసారి విప్పితే, పువ్వు విచ్చినట్టు, వదలమని.

"పిడికిలి ఇక్కడ వద్దు. నీళ్ళలో దానికి గాలి అయిపోతోందని అర్థం, నేను హడలి చస్తాను. ఆ చివరిదొక్కటి చాలు మనకి."

చెల్లెలు అప్పటికి పక్కన కూర్చుని తల తుడుచుకుంటోంది, విన్నట్టే లేదు.

రెండో రోజు పొద్దున దిగారు. ఒక మీటరు, రెండు, మూడు. మోకాళ్ళు ఇసకని తాకాయి. ముందు మాస్టారు, ఎడమవైపు చెల్లెలు. అయిదు నిమిషాలు హాయిగా గడిచాయి. అప్పుడు, చెప్పిపెట్టినట్టే, అద్దంలోకి చారెడు నీళ్ళు వచ్చాయి.

ముక్కు మండింది. లోకం మసకబారింది. ఒళ్ళంతా ఒకటే మాట అంది, ఇరవై ఆరేళ్ళుగా అంటున్న మాట. బిగబట్టు. ఆమె బిగబట్టింది. బుడగలు ఆగిపోయాయి. కాళ్ళు పైకి తన్నడానికి సిద్ధమయ్యాయి.

మాస్టారు కదిలే లోపలే మసక అద్దానికి జానెడు దూరంలో ఓ చెయ్యి వచ్చి నిలిచింది. కత్తెర పట్టీ పట్టీ బొటనవేలి పక్కన కాయ కాచిన చెయ్యి. వేళ్ళు ముడుచుకుని, ఒక్కసారి విచ్చుకున్నాయి. మళ్ళీ ముడుచుకుని, మళ్ళీ విచ్చుకున్నాయి. తొందర లేకుండా, ఆమె తన గదిలో చెవిటి ముసలాళ్ళకి చూపించినంత ఓపిగ్గా.

ఇక వదలండి.

ఊపిరక్క వదిలింది. బుడగలు గలగలమంటూ చెవుల పక్కనుంచి పైకి పోయాయి. పీల్చింది, వదిలింది. చెయ్యి ఇంకా విచ్చుకుంటూనే ఉంది. అద్దం పైఅంచు నొక్కి ముక్కుతో ఊదితే నీళ్ళు బయటికి పోయి, చెల్లెలి కళ్ళు కనిపించాయి. ఆ అద్దం వెనక అంత పెద్ద కళ్ళు, భయంతో, తనకన్నా ఎక్కువ భయంతో.

వాళ్ళు ముప్పై ఒక్క నిమిషాలు కింద ఉన్నారు. ఇసక ఉంది. కాస్త గడ్డి ఉంది. మాస్టారు అబద్ధమాడలేదు.

ఒడ్డుకొచ్చి సిలిండరు దించుతుంటే చెల్లెలు తల విదిలించుకుంటూ అంది, "ఈసారి చెవి నొప్పి రాలేదా?"

ఊపిరక్క చేతులు ఆగిపోయాయి. "నీకు తెలుసా?"

"నీ పక్కనే ఉన్నాను కదక్కా ఆ రోజు. చూడనా?"

"మరి ఎనిమిది నెలలూ..."

"నువ్వు చెవి అన్నావు. నేనూ చెవే అన్నాను." చెల్లెలు సూటు జిప్పు లాక్కుంటూ అటు తిరిగింది. "నువ్వు లేకుండా నేనెవరితో దిగుతాను? మతుండే మాట్లాడుతున్నావా?"

ఊపిరక్కకి థాంక్స్ చెప్పడం చేతకాదు. ఆ ఇంట్లో ఎవరికీ చేతకాదు. చెల్లెలి తడి జుట్టు మొహం మీంచి తీసి చెవి వెనక్కి దోపింది. ఈ మనిషి తనకి ఎలా దొరికిందో, ఏ మంచి చేసుకుంటే దొరికిందో అనుకుంది. ప్లంబరుగారు మాత్రం తువ్వాళ్ళు అందిస్తూ, "నేను చెప్పలా? వాల్వు తెరిచి ఉంచాలి" అన్నాడు. ఈసారి ఆమె ఆయనవైపు ప్రేమగా చూసింది. ఆయన కంగారుపడి తువ్వాలు కింద పడేశాడు.

షెడ్డులో మాస్టారు మునక పుస్తకాలు ముందు పెట్టాడు. ప్రతి మునకకీ ఓ పేజీ. తేదీ, లోతు, ఎంతసేపు, ఏమేం చూశారు. ఊపిరక్క లోతు దగ్గర నాలుగు మీటర్లని రాసింది, సమయం దగ్గర ముప్పై ఒకటని రాసింది. చివరి గడి దగ్గర పెన్ను కాసేపు ఆగింది. తర్వాత తల వంచుకుని, చిన్న పిల్లలా నాలిక బయటపెట్టి రాసింది.

సంతకం పెట్టడానికి పుస్తకం తీసుకున్న మాస్టారు కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని పైకే చదివాడు. "మా చెల్లెలి చెయ్యి."

చెల్లెలు చప్పున అటు తిరిగి, ఆరేసిన సూట్లని అవసరం లేకపోయినా మళ్ళీ సర్దడం మొదలుపెట్టింది.

"నలభై ఏళ్ళుగా ఈ నీళ్ళలో దిగుతున్నాను" అన్నాడు మాస్టారు సంతకం పెడుతూ, "చూడ్డానికేం లేదనుకున్నానే."