కొలతదిబ్బ

వసంతము వెడలకమున్నే గ్రీష్మము నిలద్రొక్కుకొని యుండెను. ప్రచండమార్తాండకిరణసంతాపమున దిక్కులన్నియు ధూసరవర్ణములై సెగలు గ్రక్కుచుండ వట్టిపోయిన వాగుల యిసుకలందు కాకులు ముక్కులు తెఱచికొని నిలువ మోదుగుచెట్ల నీడలు సైతము మొదళ్లకడ ముడుచుకొనియుండ నీడయను మాట నెఱుగని యొక్క చోటున మాత్రము నూఱు చేతులు గడ్డపాఱ లెత్తి దించుచుండెను. అది రాజవరము జమీందారుగారి క్రొత్తచెఱువు. చెఱువనుట యప్పటికి మర్యాదకొఱకే; నీటిచుక్క లేని యెఱ్ఱని గోయి యది. దాని మన్ను తట్టల నింపి తలలమీద మోసి కట్టపై బోయుచున్నవారు తమ జన్మమున నిండిన చెఱువు క్రింద పిడికెడు మడి దున్ని యెఱుగరు.

వారు పడమటి మెట్టసీమయందలి యెఱ్ఱగుంటపాడు నుండి వచ్చిన నలువది కుటుంబములవారు. వారి యూరికిని ఒక చెఱువు కలదు. దానికి గండిపడి పదియేండ్లయ్యెను. దాని క్రింది భూములు బీదలవి యగుటచే గండి పూడ్పించుటకు ఏ యధికారికిని తీఱిక చిక్కలేదు. ఊరి పెత్తందారు తన తోటలో లోతైన బావి త్రవ్వించుకొని యుండుటచే నతనికి చెఱువుతో నిమిత్తము లేదు. చెఱువులు త్రవ్వుటయందు సాటిలేని యా జనము తమ చెఱువు నెండవిడిచి యేటేట మాఘమాసమున తట్టాబుట్ట నెత్తి కెత్తుకొని పరుల చెఱువులు త్రవ్వుటకై వారముపొడుగున నడచిపోవుటయు మృగశిరకార్తెకు ముందే కూలిజొన్నలు మూటగట్టుకొని మరలివచ్చి తమ చెలకలలో విత్తు జల్లుకొనుటయు నాచారమైపోయెను. తట్ట మోయలేని ముసలివారును నడవనేర్చిన పిల్లలును ఇంట నుందురు. చంటిబిడ్డలు మాత్రము తల్లుల చంకలెక్కి దేశాటనము చేయుదురు.

ఆ గుంపునకు మేస్త్రి ఈదన్న. ముప్పదియైదేండ్ల యీడువాడు. పిడికెడు మన్ను నలిపి చూచి యెంత లోతున రాయి తగులునో చెప్పగలవాడు. అతనికి మాట తక్కువ. ఆ తక్కువ మాటకే నలువది కుటుంబములును గట్టుబడి యుండెను. అతని భార్య తిమ్మక్క యా యేడు నిండుచూలాలై యుండియు వెంట బయలుదేఱి త్రోవలో నొక చింతతోపున నాడుబిడ్డను గని మూడవనాడు మరల నడక సాగించెను. ఈదమ్మతల్లి గుడిముందఱ గాక పరదేశమున బిడ్డకు పేరు పెట్టుట వారిలో లేదు. కావున నా పసికందు పేరు లేకయే పెరుగుచు తండ్రి మీసములు పట్టి గుంజ నేర్చినది. "ఊరికి బోయి పేరు పెట్టుకొందము తల్లీ" యని తిమ్మక్క దినమునకు నాలుగుమార్లు ముద్దాడి చెప్పుచుండెను.

చెఱువుపనిలో నొక కట్టుబాటు కలదు. నేల నంతటిని త్రవ్వివేసినచో నెంత లోతు త్రవ్విరో కొలుచుట యెట్లు? అందుచే నడుమ నొకింత చోటు ముట్టక విడుతురు. చుట్టును నేల దిగినకొలది యది దిబ్బయై నిలుచును. దానినే కొలతదిబ్బ యందురు. దాని నెత్తినున్న పచ్చిక చెక్కుచెదరక యుండవలెను. పచ్చికయే పాతనేలకు గుఱుతు. కొందఱు మోసగాండ్రు దొంగచాటుగా మన్ను పోసి దిబ్బను బెంచి లోతు నెక్కువగా జూపుదురు గనుక కొలువవచ్చినవాడు మొదట జూచునది యా పచ్చికయే. ఈదన్న విడిచిన దిబ్బను పదియేండ్లలో నొక్కరును వ్రేలెత్తి చూపి యెఱుగరు. అతనికి గల గర్వ మదియొక్కటే.

వైశాఖమాసాంతమున బిడ్డకు విరేచనములు పట్టుకొనెను. ఊరి మంచినీటిబావి యా గుంపునకు నిషిద్ధము. వారు త్రాగునది పశువులు దిగు మడుగునీరు. మూడుదినములలో బిడ్డ వడలి వత్తియై నాలుగవదినమున మిట్టమధ్యాహ్నమున తల్లిచన్ను నోట నుండగనే ప్రాణము విడిచెను. తిమ్మక్క యేడ్వలేదు. ఆ నోటినుండి చన్ను దీసికొనుటకు మాత్రము చాలసే పొప్పుకొనలేదు.

చంటిబిడ్డను గాల్చరు; మంటిలో బెట్టవలెను. మన్ను త్రవ్వుటయే బ్రదుకుగా గలవానికి రెండు మూరల మన్ను దొరకలేదనుట వింతగా దోచవచ్చును గాని యట్లే జరిగెను. ఈదన్న రాజవరము పెద్దలకడకు బోయి శ్మశానమున చోటడిగెను. ఏ తెగులున జచ్చినదో యని వారు గడప దిగకయే పొమ్మనిరి. చుట్టునున్న చేలన్నియు జమీందారుగారివి. కట్టలో నుంచుదమన్న నెద్దులు పగలెల్ల రాతిరోలు లాగి మన్ను నదుముచుండును. గోతిలో నుంచుదమన్న నెల్లియే యచ్చట గడ్డపాఱ పడును. తిరిగి తిరిగి వట్టిచేతులతో వచ్చిన భర్తను జూచి తిమ్మక్క యిట్లనెను.

"మామా, ఎవరును త్రవ్వని చోటు ఒక్కటే యున్నది."

ఈదన్న కా మాట యర్థమయ్యెను. మేస్త్రి యైనవాడు వలదనవలసినదే. కాని యా క్షణమున నతడు తండ్రియేగాని మేస్త్రి కాడు. దిబ్బ యెక్కి పాఱ యంచుతో పచ్చిక చుట్టును గీత గీచి పెనముమీది రొట్టెను చెదరకుండ నెత్తినట్లు ఆ పచ్చిక నొక్క పలకగా నెత్తి ప్రక్కనుంచి మూరెడున్నర లోతున గుంట తీసి తన యెఱ్ఱ తలగుడ్డలో జుట్టిన బిడ్డను దానిలో బరుండబెట్టి మన్ను కప్పి పలకను మరల యథాస్థానమున నమర్చెను. ఇరువదియేండ్ల పనితన మంతయు నా పలక యమర్చుటయందు జూపెను. తాకి చూచినను అతుకు తెలియరాదు. గుంపువారందఱును జూచి మరల తమ తట్ట లెత్తుకొనిరి. నాటినుండి తిమ్మక్క తట్ట మోయునప్పు డెల్ల చుట్టుదారి యైనను దిబ్బప్రక్కనుండియే నడచుచుండెను.

రోహిణీకార్తెలో నొకనాటి సాయంకాలమున పడమట మేఘములు మూగి యుఱిమి యొక్క జల్లు గురిసెను. ఊరివైపు మబ్బును జూచి నలువది కుటుంబములును కేకలు వేసి గంతులిడిరి. ఇక నాలుగుదినములలో కొలత. కొలత యొప్పుదలయైన జొన్నలు చేతికి వచ్చును. మృగశిరకు ముందే యిల్లు చేరి విత్తుకొనవచ్చును. ఆ సంతోషములో నెవ్వరును దిబ్బవైపు చూడలేదు. ఆ జల్లుకు నెత్తిని పచ్చికయెల్ల వ్రేళ్లనుండి నిగిడి చిగిర్చెను. వ్రేళ్లు తెగిన యొక్క పలక మాత్రము చిగిర్పలేదు. కొలతనాటి యుదయమున ఈదన్న కట్ట యెక్కి చూచునప్పటికి పచ్చని దిబ్బపై మూరెడు వెడల్పున రెండు మూరల నిడుపున నొక పసుపుపచ్చని చదరము కన్నులకు గొట్టినట్లు కనబడుచుండెను.

ఓవర్సీయరుగారు గొడుగు పట్టు బంట్రోతుతో వచ్చిరి. ఆయన లంచగొండి కాడు. నోటిదురుసు గలవాడును గాడు. నిబంధన నెఱిగినవాడు. దిబ్బ యెక్కి చేతికఱ్ఱతో నా చదరమును దట్టి "ఇది యేమి?" యని యడిగెను.

"పచ్చిక యెత్తి మరల నుంచితిమి దొరా."

"ఎత్తుట యెందులకు?"

ఈదన్న కన్నులు క్రింద తట్టతో నిలిచిన తిమ్మక్కవైపు మరలెను.

"ఎందులకో నే నెఱుగుదును. మన్ను పోసి దిబ్బను బెంచితిరి. ఈ దిబ్బ చెల్లదు. అంచుననున్న పల్లపునేల నుండి కొలుచుకొందును."

పల్లమునుండి కొలిచినచో సగము చాకిరి గాలికి బోవును. ఆ సగము మరల త్రవ్వవలెనన్న రెండునెలలు పట్టును. విత్తుకాలము దాటును. ఇంటనున్న ముసలివారును పిల్లలును గంజికి ముఖము వాచి యుందురు. ఈదన్న చేతులు జోడించెను.

"మన్ను పోయలేదు దొరా. నా బిడ్డ నుంచితిని."

ఓవర్సీయరుగారు చేతికఱ్ఱను చదరముమీదినుండి వెనుకకు దీసికొనెను. "బిడ్డ పేరేమి?" యని యడిగెను.

"పేరు పెట్టలేదు దొరా. ఊరికి బోయి పెట్టవలెనని యుంటిమి."

"పేరు లేని బిడ్డను నేనెట్లు నమ్ముదును? పోయినయేట నొక గుంపు దేవతను నిలిపితిమని చెప్పి మూరెడు మన్ను పోసిరి. నిజమైన త్రవ్వి చూపుము."

గుంపులోనుండి ముసలి బాలప్ప ముందునకు వచ్చెను. ఇంట నతని మనుమలు నలుగు రుండిరి. "వలదు మేస్త్రీ. పల్లమునుండియే కొలుచుకొననిమ్ము. రెండునెలలు త్రవ్వుదుము. పసిదానిని గదలింపకుము" అనెను. వెనుకనున్నవా రొక్కరొక్కరే తట్టలు నేల బెట్టి యౌనని తల లూచిరి. అంతటి దయ యెదుట ఈదన్నకు నిలువ శక్యము గాక పోయెను. తిట్టినను బాగుండునని యతనికి దోచెను. తన బిడ్డకొఱకు తమ బిడ్డల కడుపులు మాడ్చుకొందుమన్నవారి ముఖములలోనికి జూడలేక యతడు తల వంచుకొని యుండగా తిమ్మక్క యెవరితోను చెప్పక దిబ్బ యెక్కెను.

"ఓసీ, నేను త్రవ్వుదును" అని ఈదన్న పాఱ యెత్తికొని వెంటబడెను.

"పాఱ తాకును మామా" అని యామె చేతులతో పలక నెత్తివైచి చేతులతోనే మన్ను తోడెను. ఆ యెండలో నలువది కుటుంబములును గాలి యాగినట్లు నిలిచిరి. మూరెడు లోతు దాటునప్పటికి ఎఱ్ఱ తలగుడ్డ యంచు కనబడెను. తిమ్మక్క దానిపై నఱచేయి యుంచి యోవర్సీయరుగారి ముఖమువైపు చూచి "ఇంకను తీయవలెనా దొరా?" యని యడిగెను.

"చాలు, చాలు" అని యాయన ముఖము త్రిప్పుకొని చేతిగుడ్డ ముక్కునకు అడ్డము పెట్టుకొనెను. కన్నులు తడిసెననియే చెప్పవలెను. బంట్రోతును బిలిచి "ఆమెకు గొడుగు పట్టుము" అనెను. వాడు పట్టెను. ఎన్నడును గొడుగునీడ నెఱుగని తిమ్మక్క యా నీడలో కూర్చుండి బిడ్డమీద మన్ను కప్పుకొనుచుండెను. అప్పుడు ఓవర్సీయరుగారు తమ సహజమైన మెల్లని కంఠమున ఈదన్నతో నిట్లనిరి.

"మీరు మోసము చేయలేదు. నేను నమ్మితిని. కాని దిబ్బ నెత్తి త్రవ్వబడినది. త్రవ్వబడినంత మేర పాతనేలగా నెంచుటకు నిబంధన యొప్పదు. మూరెడున్నర తగ్గించి కొలువక నాకు దారి లేదు."

బిడ్డమీది మన్ను తీయించిన నిబంధనయే బిడ్డ నుంచిన లోతును గూడ గోసికొనెను. గొడుగునీడ మాత్రము కొలత ముగియువఱకును ధారాళముగా దొరకెను.

ఆ మూరెడున్నర చెఱువంతట త్రవ్వునప్పటికి మృగశిర వెళ్లిపోయెను. ఎఱ్ఱగుంటపాటి చెలకలు విత్తు లేక బీడు పడెను. తుదినాడు కొలతదిబ్బను గూడ త్రవ్వి నేలమట్టము చేయవలసి వచ్చెను. ఈదన్న తానొక్కడే త్రవ్వెను. తిమ్మక్క యెఱ్ఱ తలగుడ్డ యున్న తట్టను మాత్రము తలకెత్తుకొని యెవరిని ముట్టనీయక కట్టమీదికి నడచి రోలు ఇక దొరలని చోట మెల్లగా దించెను. శ్రావణమున చెఱువు నిండెను. కట్టలో నొక పసిబిడ్డ యున్నదని విని రాజవరము పెద్దలు పసిబిడ్డను గొన్న కట్ట తెగదను నమ్మికతో ఇక నీ కట్టకు గండి భయము లేదని సంతసించి యచ్చట పసుపు కుంకుమలు చల్లిరట. శ్మశానమున చోటీయనివారును వారే.

విత్తు పడని యూరికి బోయి చేయునది లేక యా గుంపు దారినుండియే మఱియొక చెఱువుపనికి మరలెను. బాలప్ప మనుమలలో నిద్దఱు ఆ వానకాలము దాటలేదని కబురు మాత్రము వారిని వెదకికొనుచు వచ్చెను. బాలప్ప యా కబురు విని ఈదన్నను ఒక్క మాటయు ననలేదు. ఆ యనని మాట ఈదన్న చెవులలో నేటికిని మ్రోగుచునే యున్నది.

మరుసటి యేడు క్రొత్తచోట పని మొదలిడునాడు ఈదన్న త్రాడును మేకులును గొని కొలతదిబ్బకు చోటు గుఱుతు పెట్టుచుండెను. తిమ్మక్కకు మరల నాఱవనెల. ఆమె యొక చేయి నడుమునకు ఆనించుకొని కొంతసేపు చూచి "రెండు విడువుము మామా" అనెను. ఈదన్న యెందుల కని యడుగలేదు. పదిబారల దూరమున రెండవ మేకు దిగగొట్టెను. గుంపువారును అడుగకయే యా రెండు చోట్లను దప్పించి త్రవ్వసాగిరి.

నెల తిరిగినపిదప అచ్చటి యోవర్సీయరు వచ్చి వింతపడి "కొలుచుట కొక్క దిబ్బ చాలదా?" యనెను.

"చాలును దొరా" అని ఈదన్న మొదటి దిబ్బను జూపెను. "మీర లది కొలుచుకొనుడు."

అప్పుడు తిమ్మక్క యెండలో నిండుకడుపుతో రెండవ దిబ్బపై నిలిచి తాను త్రాగవలసిన ముంతెడు మడుగునీటిని అచ్చటి పచ్చికకు బోయుచుండెను.