ఎదురుకాళ్ల చెల్లె

మా చెల్లె శిల్ప పుట్టేటప్పుడు కాళ్లు ముందు వచ్చాయి. అట్లా పుట్టినవాళ్లు కాలితో తొక్కితే పట్టేసిన నడుము వదులుతుందని మా జఫర్‌గఢ్‌లో నమ్మకం. తొమ్మిదేళ్లకే దానికి అంత గిరాకీ. తొక్కించుకున్నవాళ్లు బెల్లం ముక్కో జామపండో చేతిలో పెడతారు. నేను అందరిలా తల ముందుగానే పుట్టాను. నాకెవరూ ఏమీ పెట్టరు.

ఈసారి నొప్పి అమ్మకే వచ్చింది. నడుముకు కాదు, ఎడమ తుంటికి, బయటి పక్కన. ఆ వైపు ఒత్తిగిలలేకపోయేది, మెట్లెక్కలేకపోయేది. అయినా శిల్పనే పిలిచింది. నాలుగు పొద్దులు తొక్కించుకుంది. అది కాలు మోపినప్పుడల్లా అమ్మ కొంగు నోట్లో కుక్కుకునేది.

"తగ్గిందా అమ్మా?"

"మస్తు తగ్గింది బిడ్డా, నీ కాలు బంగారం" అని దాన్ని ముద్దు పెట్టుకుంది. నాకు ఒళ్లు మండింది.

ఐదోరోజు అమ్మ నడవలేకపోయింది. జనగామ దవాఖానకు నేనే తీసుకెళ్లాను. డాక్టరమ్మ తుంటి పక్కన వేలితో నొక్కగానే అమ్మ కెవ్వుమంది.

"ఎముక మంచిగనే ఉన్నది. కండను ఎముకకు పట్టి ఉంచే పట్టీ దెబ్బతిన్నది. ఎవరన్నా గట్టిగ ఒత్తిన్రా?"

"లేదమ్మా" అంది అమ్మ.

బడిలో హాజరు పలకడానికే నోరు రాని నేను, "తొక్కింది. మా చెల్లె" అన్నాను. అమ్మ మేలు కోసం అన్నానని చెప్పుకుంటే అబద్ధమే. శిల్ప పేరు చెడాలనే అన్నాను.

"ఇంక తొక్కియ్యకు. ఆ పక్క పండకు, ఒక్క కాలి మీద ఒరిగి నిలబడకు. పండితే మోకాళ్ల నడుమ మెత్త పెట్టుకో. రోజూ కుడి పక్కకు పండుకొని పై కాలు మెల్లగ పదిసార్లు లేపు. జర ఓపిక పట్టాలె, నెలలు పడుతది."

బస్సులో అమ్మ ఒక్కటే మాట అంది. "చిన్నపిల్ల మీద చాడీ చెప్తివి గదనే."

ఇంటికి చేరేసరికి శిల్ప కాళ్లు కడుక్కుని తయారుగా ఉంది.

"డాక్టరమ్మ తొక్కొద్దన్నది" అన్నాను.

దాని ముఖం చిన్నబోయింది. "నా కాలుతోనే ఎక్కువైందా అక్కా?"

అవునన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అమ్మ నన్నే చూస్తోంది.

"నొప్పి ముందే ఉండె. ఎవ్వలు తొక్కినా గింతే" అన్నాను.

అమ్మ కుడి పక్కకు ఒరిగింది. కాలు ఎట్లా లేపాలో చూపించాను.

"శిల్పా, ఇటు రా బిడ్డా. నువ్వు లెక్కపెట్టు" అంది అమ్మ.

మడమ పట్టుకుని లేపుతున్నది నేను. అమ్మ చూస్తున్నది దాని ముఖం.