వినని కబురు

మా అన్న ఏకాంబరం తెల్లవారుజామున పోయాడు. ఆ మాట చెప్పి వదినను ఇంటికి తీసుకురమ్మని పెద్దలు నన్ను బస్సెక్కించారు. సెల్‌ఫోన్లు లేని రోజులు, దారిలో నడిచే మనిషికి కబురు పంపాలంటే ఇంకో మనిషి పోవలసిందే. వదిన అప్పటికి రేణిగుంట దాటి, జోరువానలో తిరుమల కొండకు నడుస్తోంది.

అన్నకు పచ్చకామెర్లు ముదిరి, ఆసుపత్రివాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నాక లోకేశ్వరి వదిన ఇంకెవరి మాటా వినలేదు. కాళహస్తికి అవతల, నాయుడుపేట దారిలో ఉన్న మా ఊరి నుంచి కాలినడకన వెళ్లి తలనీలాలు ఇస్తానని మొక్కుకుంది.

"ఈ వానల్లో యాడికి పోతావు వదినా, ఆయన పక్కనుండు" అని కసిరాను.

"పక్కన కూసుంటే బతుకుతాడా?" అంది. పసుపు చీర కట్టుకుని, ఏటా కొండకు నడిచే వరదయ్య గుంపుతో వెళ్లిపోయింది.

బస్సు కిటికీలోంచి పసుపు బట్టల గుంపు కనిపించగానే దిగాను. వరదయ్య నా మొహం చూసి గోవింద నామం మధ్యలో ఆపేశాడు. జనాన్ని ముందుకు నడిపించుకుపోయాడు. వదిన ఆగింది. బొబ్బలెక్కిన అరికాళ్లకు గుడ్డలు చుట్టుకుని ఉంది.

"వదినా..." అన్నాను.

"సెప్పొద్దు మునీ. మంచి మాటైనా సెడ్డ మాటైనా కొండ దిగినాక సెప్పు. నా సెవిన పడేదాకా నాకు అంటు లేదు."

మా వైపు అదే లెక్క. చావు కబురు విన్నప్పటి నుంచే మైల, మైలపడ్డవాళ్లు కొండ మెట్టు తొక్కకూడదు. నాకు ముందు నుయ్యి వెనక గొయ్యి అయింది. చెప్తే ఆమె మూడు రోజుల నడక మట్టిలో కలుస్తుంది. చెప్పకపోతే కడచూపు దక్కదు, అక్కడ అన్నను పొద్దుగూకేదాకా మాత్రమే ఉంచుతారు. "సరే, నడువు" అన్నాను.

రోడ్డుకు ఈ అంచున నేను, ఆ అంచున ఆమె. మైలపడ్డ నేను మొక్కులో ఉన్న మనిషిని తాకకూడదు. మా మధ్యలోంచి లారీలు నీళ్లు చిమ్ముకుంటూ పోతున్నాయి. ఆ హోరులోనే వదిన మాట్లాడుతూ నడిచింది.

"కొండకు పోతా నీసు మాట ఎత్తకూడదు గానీ, మీయన్న లేసినాక ముందడిగేది రొయ్యల పులుసే సూడు. పథ్యమంటే తిడతాడు. తిట్టనీ." కాసేపటికి మళ్లీ, "నా గుండు సూసి నవ్వుతాడు. నవ్వనీ, ఏం పోయింది" అంది.

అవుననలేక కాదనలేక చచ్చాను. అన్న నన్ను భుజాన ఎక్కించుకుని పెంచాడు. ఆయన కోసం నేనింకా గట్టిగా ఒక్క ఏడుపు కూడా ఏడవలేదు. ఏడిస్తే చెప్పినట్టే. వరదయ్య గుంపు గొంతెత్తి గోవిందా అన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండింది. పిలిచేవాళ్లు ఇంతమంది ఉంటే ఒక్కరి మాటైనా వినడానికి ఆ దేవుడికి తీరిక లేదా అనిపించింది.

తిరుపతి పొలిమేరలో ఎవరో పులిహోర పంచుతున్నారు. వదిన రెండు పొట్లాలు తీసుకుని, రోడ్డు దాటి వచ్చి ఒకటి నాకు అందించబోయింది. నేను వెనక్కి జరిగాను. ఆమె పొట్లాన్ని కిలోమీటరు రాయి మీద పెట్టి వెళ్లింది. తీసుకున్నాను కానీ తినలేదు. ఇంట్లో శవం లేవకుండా ముద్ద ఎలా దిగుతుంది? వానకు కాగితం చినిగి మెతుకులు కిందికి జారిపోయాయి. వదిన వెనక్కి తిరిగి అదీ చూసింది.

అలిపిరిలో వరదయ్యవాళ్లు గొడుగు అడ్డం పెట్టి కర్పూరం వెలిగించి, మెట్లెక్కడం మొదలుపెట్టారు. వదిన మొదటి మెట్టుకు పసుపు కుంకుమ పెట్టింది. కుడికాలు దాని మీద పెట్టి, రోడ్డు మీదే ఆగిపోయిన నావైపు తిరిగింది.

"రా మునీ. నాలుగు మెట్లెక్కి దిగిపో. మీయన్న పేరు సెప్పి దండం పెట్టుకో."

కాళ్లు నొప్పులని చెబుదామనుకున్నాను. కానీ తల దించుకుని అక్కడే నిలబడ్డాను.

వదిన నా కాళ్లకేసి, ఆ మెట్టుకేసి చూసింది. తర్వాత మెట్టు మీది కాలు తీసేసింది. రోడ్డు మీదికి వచ్చి, ఇంత దారీ తాకని నా చేయి పట్టుకుంది.

"నన్ను అడిగినాడా?"

అడగలేదు, నిద్రలోనే పోయాడని చెప్పొచ్చు. ఆమె ప్రాణానికి అదే సుఖం. కానీ నా చేయి ఆమె చేతిలో ఉంది, అబద్ధం రాలేదు.

"రాత్రంతా అడిగినాడు వదినా. వానలో అది యాడికి పోయింది, పిలుచుకోని రాపోరా అన్నాడు. కొండకు పోయిందని నేనంటే, కొండ యాడికీ పోదు గదరా అన్నాడు."

ఆ మాటకు వదిన నోట్లో కొంగు కుక్కుకుంది. నాకూ అప్పుడే ఏడుపు తన్నుకొచ్చింది. పట్టుకుందామని ముందుకు వంగితే, ఆమే నన్ను లాగింది.

"పదప్పా. పిలుస్తా ఉండాడు గదా."

అంతదాకా కుంటుతూ వచ్చిన మనిషి, బస్టాండు వైపు పరుగు తీసింది.