చేగోడీ కొరికే పళ్లకి మూడు కొటేషన్లు

మాణిక్యం ముందుపళ్లు రెండూ రాలగొట్టింది రంగనాథ్ హెల్మెట్టు. ఆ మాట ఆ పెద్దమనిషి ఈ రోజు వరకూ ఒప్పుకోలేదు. అడిగితే, "నేను స్కూటరుకి బ్రేకు వేశాను, వెనక కూర్చుని నువ్వు మూతి పెట్టావు" అంటాడు. రెండో హెల్మెట్టు ఇస్తే తలకి పెట్టుకోకుండా అందులో చేగోడీల పొట్లాలు సర్దుకుని ఒళ్లో పెట్టుకున్నది ఎవరని ఎదురు దబాయిస్తాడు. అదీ నిజమే. అయినా మునీర్కా దగ్గర కుక్క అడ్డమొచ్చిందని అంత గట్టిగా బ్రేకు తొక్కాలా? కుక్క బాగానే ఉంది. ఇప్పటికీ అక్కడే తిరుగుతోంది, దాని పళ్లన్నీ దానికున్నాయి.

మాణిక్యానిది తణుకు దగ్గర పల్లె. ఆరో తరగతిలో బడి ఎగ్గొట్టి, ఒక ఆఫీసరు వెంట వంటవాడిగా ఢిల్లీ వచ్చాడు. ఆఫీసరుకి బదిలీ అయింది, వంటవాడు మిగిలిపోయాడు. పాతికేళ్లుగా కటవారియా సరాయ్‌లో ఒకే గది. చుట్టుపక్కల గదుల్లో కుర్రాళ్లు కలెక్టర్లు కావడానికి చదువుతుంటే, ఇతనూ భార్య సుభద్రా ఈ గదిలో చేగోడీలు వేస్తారు. సాయంత్రం వసంత్ కుంజ్ మార్కెట్టు పక్కన బల్ల వేసి అమ్ముతారు.

అమ్మడంలో మాణిక్యానికి ఒక పద్ధతుంది. బేరం దగ్గరికి రాగానే మాట్లాడడు. ఒక చేగోడీ తీసి, ముందుపళ్ల మధ్య నిలబెట్టి, అవతలివాళ్ల చెవిలో పడేలా కరుక్కుమనిపిస్తాడు. తెలుగు రాని పంజాబీ ఆవిడలు కూడా ఆ చప్పుడు విని, "భయ్యా, ఆధా కిలో దే దో" అనేవాళ్లు. బోర్డూ, బ్యానరూ, అన్నీ ఆ రెండు పళ్లే.

పళ్లు పోయిన వారంలో అమ్మకం సగానికి పడిపోయింది.

"నాకున్నాయిగా పళ్లు, నేను కొరుకుతాను" అంది సుభద్ర.

"నోర్ముయ్. ఆడది బజార్లో నిలబడి నోరు తెరిచి కొరికితే జనం నవ్వుతారు."

"మిమ్మల్ని చూసి ఇప్పుడు ఏడుస్తున్నారేంటి?"

అది తొంభై ఆరు ఆగస్టు. సరిగ్గా అప్పుడే భానుమతి గారు కబురు పంపారు. ఆవిడ ఆఫీసర్ల సంఘంలో దీపావళికి పంచే తినుబండారాల డబ్బాల కమిటీకి పెద్ద. ఎనభై కిలోల చేగోడీలు కావాలి. మాణిక్యం జన్మలో అంత ఆర్డరు చూడలేదు.

"అక్టోబరు ఇరవైన కమిటీ ముందు రుచి చూపించాలి, మాణిక్యం. ఎప్పట్లా నువ్వే కొరికి చూపించు సుమా. వేరే భాషల మెంబర్లు కూడా ఉన్నారు, వాళ్లకి నీ చప్పుడే గుర్తు."

మాణిక్యం చేత్తో మూతి మూసుకునే తలూపాడు.

రంగనాథ్ తప్పు ఒప్పుకోకపోయినా బాధ్యత మాత్రం మీద వేసుకున్నాడు. అదే కొంప ముంచింది. ఆయన మాణిక్యం బల్లకి పాత బేరం, ఒక మంత్రిత్వశాఖలో కొనుగోళ్ల సెక్షన్ ఆఫీసరు. ఇరవై రెండేళ్లుగా కుర్చీలు, ఫ్యాన్లు, ఫినాయిల్ డబ్బాలు కొంటున్నాడు. కట్టుడుపళ్లు కాదు, ఇప్పుడు ఎముకలో పాతే పళ్లు వచ్చాయని, వాటిని ఇంప్లాంట్లంటారని చెప్పింది ఆయనే.

"నువ్వు బేరాలు మాట్లాడకు, మాణిక్యం. పద్ధతి ప్రకారం మూడు కొటేషన్లు తీసుకుందాం. పోల్చి పట్టిక వేద్దాం. ఎవడిది తక్కువైతే వాడికి ఆర్డరు. రేపు ఎవడూ మనల్ని వేలెత్తి చూపకూడదు."

"నా పళ్లకి వేలెత్తి చూపేదెవరండీ?"

"నీకు తెలీదు. ఊరుకో."

మొదటి కొటేషను వసంత్ కుంజ్‌లో డాక్టర్ సునంద దగ్గర. గుంటూరు పిల్ల, ఉన్న మాట ఉన్నట్టు చెప్పే రకం. నోట్లో అద్దం పెట్టి చూసి, ముందు అడిగిన మాట:

"ఏం పని చేస్తారండీ?"

మాణిక్యం చెప్పాడు.

"రోజుకి ఎన్ని కొరుకుతారు?"

"నలభై. ఆదివారం వంద దాకా."

ఆవిడ నవ్వలేదు. "అయితే మీకు మరమేకు రకమే పెట్టాలి. ఎముకలో మేకు బిగించి, చిగురు కుట్టేసి, ఆరు నెలలు ముట్టుకోకూడదు. ఎముక దాన్ని గట్టిగా పట్టుకున్నాక పైన పన్ను తొడుగుతాం."

"ఆర్నెల్లా! అప్పటికి దీపావళి కాదు కదా, సంక్రాంతి కూడా అయిపోద్దండీ."

"రేకు రకం కూడా ఉంది. ఎముకలో గాడి కోసి పలచటి రేకు దింపుతారు, పదిహేను రోజుల్లో పన్ను. చాలామందికి బాగానే పనిచేస్తుంది. మీరు చేసే పనికి మాత్రం అది ఊగుతుంది. ఊగితే చుట్టూ ఉన్న ఎముక కరిగిపోతుంది. తర్వాత మేకు పెడదామన్నా చోటుండదు."

రెండు పళ్లకి నలభై వేలు. ఆ కాయితం అడుగున ఇంగ్లీషులో రెండు ముక్కలు రాసింది: కొరికే పని ఎక్కువ, రేకు వద్దు అని.

రెండోది మునీర్కా డాక్టరు. పక్క పళ్లు రెండూ అరగదీసి బ్రిడ్జి వేస్తాను, తొమ్మిది వేలు అన్నాడు. రంగనాథ్ దాన్ని పట్టికలోంచి కొట్టేశాడు. "మనం అడిగింది ఇంప్లాంటు, వీడు ఇస్తానంటోంది బ్రిడ్జి. స్పెసిఫికేషన్‌కి లోబడి లేదు."

మూడోవాడు నోయిడాలో. గది నిండా ఏసీ, గోడ మీద ఫారిన్ సర్టిఫికెట్లు. రేకు రకం, పద్దెనిమిది వేల ఐదొందలు. ఏం పని చేస్తావని అడగలేదు. "అంకుల్‌జీ, పంద్రహ్ దిన్‌లో చెరుకు గడ నమలొచ్చు" అన్నాడు. చేగోడీ గురించి వాడికేం తెలుసు?

రంగనాథ్ ఇంట్లో టీపాయి మీద పట్టిక పరిచాడు. పేరు, ధర, ఇచ్చే గడువు, రిమార్కులు. రిమార్కుల గడిలో మిగిలిన ఇద్దరికీ 'లేవు' అని రాసి ఉంది.

"డాక్టరమ్మ రాసిందండీ ఏదో, కింద" అన్నాడు మాణిక్యం.

"అది అమ్మేవాడి అభిప్రాయం. అవతలి సరుకు బాగాలేదని ప్రతివాడూ రాస్తాడు. దానికి పట్టికలో గడి ఉండదు. ధర సగం కంటే తక్కువ, గడువు పదిహేను రోజులు. ఇంకేం కావాలి?"

నిజం చెప్పాలంటే మాణిక్యానికీ ఇంకేం అక్కర్లేకపోయింది. ఆరు నెలలు, పదిహేను రోజులు పక్కపక్కన రాసి ఉంటే అతని కన్ను అక్టోబరు ఇరవై మీదే ఉంది. ఆరో తరగతి చదివినవాడికైనా ఆ లెక్క వస్తుంది.

డబ్బుకి నోయిడా పక్కన భంగేల్‌లో కొనుక్కున్న స్థలం అమ్మాల్సి వచ్చింది. కొన్నది రంగనాథ్ తోడల్లుడు శేషగిరి. దానికి మాత్రం రంగనాథ్ మూడు కొటేషన్లు అడగలేదు.

రేకు దిగింది. మూతి గుమ్మడికాయంత వాచి తగ్గింది. సెప్టెంబరు ఆఖరుకి రెండు తెల్లటి పళ్లు వచ్చాయి. మాణిక్యం అద్దంలో చూసుకుని సుభద్రని పిలిచి మరీ నవ్వాడు.

"బావున్నాయి. సంబంధాలు చూడమంటారా?" అంది.

మళ్లీ బల్ల దగ్గర కరుక్కుమంది. రోజుకి నలభై, ఆదివారం వంద. మూడో వారంలో ఎడమ పన్ను నాలుక తగిలితే కదిలినట్టనిపించింది. నాలుకదే తప్పు అనుకున్నాడు.

అక్టోబరు ఇరవైన భానుమతి గారి హాల్లో తొమ్మిదిమంది మెంబర్లు సోఫాల్లో కూర్చున్నారు. మాణిక్యం ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేగోడీ తీసి, పళ్ల మధ్య నిలబెట్టి నొక్కాడు. కరుక్కుమంది. హాలంతా వినపడింది. చేగోడీ మాత్రం చెక్కుచెదరలేదు. రెండు పళ్లూ గుమ్మం తలుపుల్లా ముందుకి తెరుచుకున్నాయి. నెత్తురు ఇస్త్రీ చొక్కా మీద కారింది.

"మమ్మీ, అంకుల్ కే దాంత్!" అని భానుమతి గారి కూతురు స్నిగ్ధ కెవ్వుమంది.

"చేగోడీలు గట్టిగా ఉన్నట్టున్నాయే" అన్నాడొక మెంబరు. ఎనభై కిలోలూ ఎవరో నమ్‌కీన్ దుకాణానికి వెళ్లిపోయాయి.

నోయిడావాడి క్లినిక్కు ఫోను మోగుతూనే ఉంది గానీ ఎవరూ ఎత్తలేదు. రేకు పీకింది సునంద. గాడి తెరిచి, మెల్లగా లాగి, రెండున్నర వేలు తీసుకుంది. ఎక్స్‌రే వెలుగులో పట్టి చూపించింది. "ఇక్కడ మేకు నిలబడటానికి ఎముక లేదండీ. ఇక తీసిపెట్టుకునే ప్లేటే." దాంతో అన్నం తినొచ్చు. చేగోడీ కొరికితే ప్లేటు ఊడి చేతిలోకొస్తుంది.

మాణిక్యం రంగనాథ్ ఇంటికెళ్లి రేకుని టీపాయి మీద పెట్టాడు.

రంగనాథ్ దాన్ని పెన్ను మూతితో పక్కకి జరిపి ఫైలు తెరిచాడు. "చూడు, ప్రొసీజర్‌లో ఎక్కడైనా తప్పుందా? రేపు ఆడిట్ వచ్చినా నీ కేసు క్లీన్."

"నా నోటికి ఆడిట్ ఎవడు చేస్తాడండీ?"

"అలా ఆవేశపడితే ఎలా, మాణిక్యం? టీ తాగుతావా?"

తాగాడు. బిస్కెట్టు ముంచుకుని తాగాడు, ఇంకెలా తినగలడు?

ఆ ఆదివారం సుభద్ర అతన్ని కాటా దగ్గరికి జరిపి, తను బల్ల ముందు నిలబడింది. కొంగు భుజం మీదికి లాక్కుని, ఒక చేగోడీ తీసి కరుక్కుమనిపించింది. పంజాబీ ఆవిడ ఆగింది. "వాహ్ దీదీ, ఏక్ కిలో." జనం నవ్వలేదు. చీకటిపడేసరికి డబ్బా ఖాళీ.

"నేనూ ఒక కొటేషను ఇచ్చా ఆగస్టులోనే. ఖర్చేం లేదన్నా, గడువూ ఆ సాయంత్రమే అన్నా" అంది సుభద్ర, డబ్బా తుడుస్తూ. "మీరు చూశారా?"

మాణిక్యం తూకంరాళ్లు సంచిలో వేశాడు. ప్లేటు జేబులో ఉంది.

భంగేల్‌లో పోయినది యాభై గజాలు. గజం నాలుగొందల ఇరవై చొప్పున ఇరవై ఒక్క వేలు: రేకు దింపడానికి పద్దెనిమిదిన్నర, పీకడానికి రెండున్నర.