పద్దెనిమిదో నంబరు పాట

హైదరాబాదులో సినీ సంగీత విభావరికి వచ్చేవాళ్ళు రెండు రకాలు. పాటలు వినడానికి వచ్చేవాళ్ళు కొందరు, శాలువాలు కప్పించుకోవడానికి వచ్చేవాళ్ళు కొందరు. కార్యక్రమం మొదటివాళ్ళ పేరు చెప్పి మొదలవుతుంది, రెండోవాళ్ళ ఫోటోలతో ముగుస్తుంది. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే ప్రభావతి ఆ ఎండాకాలాన్ని మామిడికాయ పచ్చళ్ళతో సుఖంగా గడిపేసి ఉండేది.

ప్రభావతికి యాభై ఆరేళ్ళు. కాచిగూడలో ఒక బడిలో తెలుగు టీచరు. మార్చి నెలాఖర్లో, చుట్టాలమ్మాయి శుభలేఖల పని మీద ఆబిడ్స్‌లో ఇంద్రసేన షాపుకి వెళ్ళింది. ఇంద్రసేనది మూడు తరాల నాటి శుభలేఖల షాపు. దానికి తోడు ఆయన ఒక సాంస్కృతిక సంస్థకు కార్యదర్శి కూడా. బల్ల మీద కార్డుల నమూనాల పక్కన ఒక గులాబీ రంగు కరపత్రం ఉంది. అందులో మూడు గడులు. పాట, అప్పట్లో పాడినవారు, ఈనాడు పాడేవారు. మొత్తం పద్దెనిమిది పాటలు. పదిహేడింటికి పాడినవారు ఒకరు, పాడేవారు ఒకరు. పద్దెనిమిదోదానికి మాత్రం రెండు గడుల్లోనూ ఒకే పేరుంది. అమరేశ్వరరావు.

పాట పేరు చూసి ప్రభావతి స్టూలు మీద కూలబడింది. 'తలుపు తీయవా తూరుపు గాలీ.'

"ఏంది మేడం, గట్ల కూసున్నరు? పానం మంచిగ లేదా? నీళ్ళు తెప్పియ్యాల్నా?" అన్నాడు ఇంద్రసేన.

"ఈయన... ఈ అమరేశ్వరరావు గారు ఉన్నారా?"

"ఔ, ఉన్నడు. బర్కత్‌పురల ఉంటడు. డెబ్బై రెండేండ్లు. మస్తు పాడ్తడు. వచ్చే శనివారం నాంపల్లిల ప్రోగ్రాం, రాండ్రి. టికెట్ గికెట్ ఏం లేదు."

ఆ సినిమా పేరు చెప్పినా ఇప్పుడెవరికీ గుర్తు రాదు. ప్రభావతి ఇంటర్ పరీక్షలు రాసిన ఏడాది ఆబిడ్స్‌లోనే ఒక థియేటర్లో పంతొమ్మిది రోజులు ఆడింది. ఇప్పుడక్కడ బట్టల షాపుంది. ఆ పంతొమ్మిది రోజుల్లో ఆమె ఐదు మ్యాట్నీలు చూసింది. మొదటి వారంలో రెండుసార్లు పాట ఉంది. రెండో వారం నుంచి సినిమా పొడవైందని థియేటర్ వాడు పాట కత్తిరించేశాడు. మిగతా మూడుసార్లూ, ఇవాళైనా మళ్ళీ కలిపి ఉంటాడేమోనన్న ఆశతో వెళ్ళింది. కలపలేదు. తర్వాత ఒక క్యాసెట్టు దొరికింది, అరిగిపోయింది. ఈమధ్య ఎవరో పుణ్యాత్ముడు ఫోనులో వినేలా ఎక్కించాడు గానీ, అది బావిలోంచి ఎవరో పిలుస్తున్నట్టుంటుంది.

ఆమెకు ఆ మనిషి మీద ఏ మోజూ లేదు. ఆయన ముఖం ఎలా ఉంటుందో కూడా తెలియదు. కానీ పదిహేడేళ్ళ వయసులో, చీకటి హాల్లో, ఆ గొంతు చరణంలో పైపైకి వెళ్తుంటే తన బతుకులో ఏదో గొప్పది జరగబోతోందని అనిపించింది. తర్వాత జరిగినవన్నీ మంచివే. ఉద్యోగం, నెమ్మదైన భర్త, తెలివైన కూతురు. అనిపించినది మాత్రం జరగలేదు. ఆ పాటను ఆ గొంతులోంచే, ఎదురుగా కూర్చుని ఒక్కసారి వింటే చాలు, ఆ బాకీ తీరిపోతుందని ఆమెకు గట్టి నమ్మకం. నమ్మకాలకి లెక్కలుండవు.

మొదటి విభావరికి భర్త ప్రసన్నకుమార్‌ను కూడా తీసుకెళ్ళింది. ఆయన మూడో పాటకే నిద్రపోయాడు, కాబట్టి ఆయన్ని లెక్కలోంచి తీసేద్దాం. ఐదున్నరకి అన్నది ఆరుంబావుకి మొదలైంది. అమరేశ్వరరావు సన్నగా, తెల్ల చొక్కాలో, జేబులో కళ్ళజోడుతో వచ్చి పెద్ద గాయకుల పాటలు నాలుగు పాడాడు. బాగా పాడాడు, కానీ అవి వేరేవాళ్ళ పాటలు. పాటకీ పాటకీ మధ్య వేదిక మీదున్న పెద్దలు 'రెండు ముక్కలు' మాట్లాడారు. తెలుగునాట ఎవరూ రెండు ముక్కలతో ఆపిన దాఖలా లేదు. పద్నాలుగో పాట అయ్యేసరికి ఎనిమిదిన్నర. హాలు అప్పగించాల్సిన వేళ. వాచ్‌మన్ ఫ్యాన్లు ఆపేశాడు.

"ఫికర్ చెయ్యకుండ్రి మేడం, నెక్స్ట్ ప్రోగ్రాంల పక్కా," అన్నాడు ఇంద్రసేన.

ఏప్రిల్ నెలాఖర్లో అదే సంస్థ పాత సినిమాల వారం పెట్టింది. ప్రభావతి నాలుగుసార్లు షాపుకి తిరిగి ఆ సినిమాను కూడా జాబితాలో పెట్టించింది. ఎవరి దగ్గరో ప్రింటు ఉందన్నారు. ఆదివారం పొద్దున్న ఆబిడ్స్‌లో, జీపీవో అవతల ఒక చిన్న హాల్లో ఆట. ఈసారి కూతురు లహరి తోడొచ్చింది. లహరి వెళ్ళే సంగీత కచేరీలు వేరు. అక్కడ చేతికి పట్టీ కడతారు, నిలబడి చూడాలి, చెవులు రెండ్రోజులు మోగుతాయి.

"అమ్మా, నీ పాట ఎప్పుడొస్తుంది?"

"విశ్రాంతి తర్వాత, హీరోయిన్ రైలెక్కగానే."

హీరోయిన్ రైలెక్కింది. ప్రభావతి కళ్ళు మూసుకుంది. తెర మీద పెదాలు కదిపే నటుడిని చూడ్డం ఆమెకు అప్పుడూ ఇష్టం లేదు. చెవులు అప్పగించి కూర్చుంది. వినిపించింది కోర్టు సీను. వచ్చింది అప్పుడు కత్తిరించిన ప్రింటే.

"అయిపోయిందా? వచ్చేసిందా?" అంది లహరి.

"రాదు," అంది ప్రభావతి.

మొజంజాహీ మార్కెట్లో మామిడి ఐస్‌క్రీము కరిగి చేతి మీద కారుతున్నా ఆమె చూసుకోలేదు. లహరికి జాలేసింది. "ఆయన మనూళ్ళోనే ఉన్నాడుగా అమ్మా. ఇంటికెళ్ళి పాడమని అడగరాదూ?"

"ఇంటికెళ్ళి పాట అడగడానికి ఆయనేం బిచ్చగాడా, నేనేం జమీందారునా? సభలో పాడాలి. నలుగురి మధ్యా కూర్చుని నేను వినాలి," అంది.

మే పదిన రెండో విభావరి పదిహేనో పాట దగ్గర ఆగింది. పదిహేడున మూడోది. ఆ రోజు అతిథులు ఇద్దరే, గాలివానకు భయపడి మిగతావాళ్ళు రాలేదు. ఎనిమిదీ పది అయ్యేసరికి పదిహేడో పాట ముగిసింది. ప్రభావతి చీర కొంగు చేతిలో ముద్ద చేసి పట్టుకుంది. అమరేశ్వరరావు మైకు దగ్గరికి వచ్చాడు, జేబులోంచి కళ్ళజోడు తీశాడు. అంతలో ముఖ్య అతిథి, పదవీ విరమణ చేసిన ఇంజనీరు, తనకూ ఒక పాట వచ్చునని, చిన్నప్పటి సరదా అని లేచాడు. ఆయన సరదా ఎనిమిదిన్నర దాకా తీరలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారులు ఊరంతా ఉన్నారు.

మర్నాడే ప్రభావతి షాపుకెళ్ళి ఇంద్రసేన మీద విరుచుకుపడింది. "మీది సంగీత సభా, శాలువాల దుకాణమా?"

ఇంద్రసేన నొచ్చుకోలేదు. "నిజం చెప్పాల్నంటే, శాలువాలు కప్పకపోతే హాలు కిరాయి ఎవరిస్తరు మేడం? జర వినుండ్రి. మీరే సార్‌కు సన్మానం చెయ్యుండ్రి. సన్మానం అయినంక మైకు ఎవరి చేతిల ఉంటది? సార్ చేతిల. స్టేజీ మీదకెల్లి మీరే అడుగుండ్రి గా పాట. ఎవ్వడన్న ఆపుతడా?"

ఈ ఉపాయం ఆమెకు బ్రహ్మాండంగా తోచింది. మే ముప్పై ఒకటిన సన్మానం ఖాయమైంది. శాలువా కొంది, పళ్ళ బుట్ట చెప్పింది. ఇక మిగిలింది సన్మాన పత్రం. పత్రం లేని సన్మానం తాంబూలం లేని పెళ్ళి లాంటిది. రాసి, చదివి, చట్రం కట్టించి ఇవ్వాలి. తెలుగు టీచరు ఉండగా వేరేవాళ్ళు రాయడమేమిటి?

వారం రోజులు రాసింది. ఆయన సినిమాల్లో పాడినవి మొత్తం పదకొండే పాటలు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పాటల పుస్తకాలు వెతికి పదకొండూ పోగుచేసింది. ఒక్కో పాటకి ఒక పేరా రాసింది. పదిహేడేళ్ళ పిల్ల చీకటి హాల్లో కూర్చున్న సంగతి, పేరు చెప్పకుండా, అది కూడా రాసింది. రాస్తుంటే కలం ఆగలేదు. చూసుకుంటే నాలుగు పేజీలు.

ముప్పై ఒకటో తేదీ శనివారం నాంపల్లి మెట్రో దిగి, ఎండలో పళ్ళ బుట్ట మోసుకుంటూ హాలుకి చేరింది. అనుకున్నట్టే పన్నెండో పాట తర్వాత, ఏడూ నలభైకి సన్మానం. ఇంకా యాభై నిమిషాలున్నాయి. సన్మానం పది నిమిషాలు, ఆ వెంటనే పాట. ఇంద్రసేన చెవిలో మరోసారి చెప్పి ఒప్పించింది. శాలువా కప్పింది. దగ్గరగా చూస్తే ఆయన మెడ మీద నరాలు కనిపించాయి. మైకు ముందుకు వచ్చి పత్రం విప్పింది.

బడిలో ముప్పై ఏళ్ళు పాఠాలు చదివిన గొంతు ఆమెది. విరామచిహ్నం దగ్గర ఆగుతుంది, పొల్లు మింగదు. రెండో వాక్యానికే హాలు నిశ్శబ్దమైంది. మొదటి పాట పేరు చదివితే అమరేశ్వరరావు తలెత్తాడు. రెండో పాటకి చేతులు జోడించాడు. ఐదో పాట ఆయనే మర్చిపోయినట్టున్నాడు, పెదాలు కదిపి గుర్తు చేసుకున్నాడు. తొమ్మిదో పాటకి ఆయన కళ్ళు తడిశాయి. అది చూశాక ప్రభావతి ఇంకా నెమ్మదిగా చదివింది. గడియారం సంగతి మర్చిపోయింది. తన మనసులో ముప్పై తొమ్మిదేళ్ళుగా ఉన్నది మొదటిసారి నలుగురూ వింటున్నారు, విననీ అనుకుంది. చప్పట్లు ఆగేసరికి ఎనిమిదీ ఐదు.

అప్పుడైనా అడగాల్సింది. నోరు తెరిచింది కూడా. కానీ అధ్యక్షుడు మైకు అందుకున్నాడు. "ఇంతటి మహాగాయకుడు మన మధ్య ఉన్నాడని మేడం గారి పత్రం వింటే గానీ తెలియలేదు. రెండు ముక్కలు మాట్లాడకపోతే తప్పవుతుంది." ఆయన మాట్లాడాడు. ఆయన తర్వాత నలుగురూ మాట్లాడారు, అందరూ ఆమె పత్రంలోని మాటలే తిప్పి తిప్పి మాట్లాడారు. ఎవరి మీద కప్పిన శాలువా వాళ్ళు తీసి అమరేశ్వరరావుకి కప్పారు. ఆయన ఆరు శాలువాల కింద చెమటలు కక్కుతూ నిలబడ్డాడు. ఫోటోలు తీశారు. ఎనిమిదిన్నరకి వాచ్‌మన్ ఫ్యాన్లు ఆపేశాడు.

అందరూ వెళ్ళిపోయారు. ప్రభావతి హాలు మెట్ల మీద కూర్చుంది. తన వేలితో తన కన్నే పొడుచుకుంది. ఎవర్ని తిట్టాలి? ఏడుపు ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

అమరేశ్వరరావు శాలువాల మూట పట్టుకుని ఆటో కోసం బయటికొచ్చాడు. ఆమెను చూసి ఆగాడు. "ఏమైందమ్మా?"

"మీ చివరి పాట కోసమండీ ఇదంతా. ఈ ఎండాకాలమంతా దానికోసమే తిరిగాను. అడుగుదామని సన్మానం పెట్టించాను. నా పత్రమే దాన్ని మింగేసింది."

ఆయన మూట మెట్టు మీద పెట్టి, రెయిలింగు పట్టుకుని పక్కనే కూర్చున్నాడు.

"మీతో అబద్ధం చెప్పబుద్ధి కావడం లేదు. ఆ పాట చివర్న పెట్టమని ఇంద్రసేనకి చెప్పేది నేనే. మూడేళ్ళయింది. చరణంలో పైకి వెళ్ళే చోటుంది చూశారూ, అక్కడికి నా గొంతు పోవడం లేదు. ఇంట్లో తలుపులేసుకుని ప్రయత్నిస్తూనే ఉంటాను. పోదు. చివర్న పెడితే ఎలాగూ టైముండదు. మొన్న పదిహేడో పాట అయిపోయినప్పుడు ఇక తప్పదనుకున్నాను. ఆ ఇంజనీరు గారు లేచి పాడతానంటే ఆయనకి దణ్ణం పెట్టాలనిపించింది."

ప్రభావతికి ముందు కోపం వచ్చింది. "అసలు జాబితాలో ఎందుకు పెట్టిస్తారండీ మరి? తీసేయచ్చుగా!"

"కాగితం చూశారుగా. రెండు గడుల్లోనూ నా పేరుండే పాట అదొక్కటేనమ్మా. అది కూడా తీసేస్తే నేను పాడానని ఎవరికి తెలుస్తుంది?"

రోడ్డు మీద బస్సులు పోతున్నాయి. ఆయన గొంతు సవరించుకున్నాడు. "మీరింత తిరిగారు కాబట్టి అడుగుతున్నాను. పల్లవి వరకూ అనగలను. ఇక్కడే అనమంటారా?"

అనమనాలని ఆమెకు ప్రాణం కొట్టుకుపోయింది. ఇంత దగ్గరగా, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది పాట. ఆయన వైపు చూసింది. రెయిలింగు మీద ఆయన వేళ్ళు బిగుసుకుని ఉన్నాయి. పల్లవి అయ్యాక చరణం దగ్గర ఆగిపోవాల్సి వస్తుందని ఆయనకి తెలుసు. ఆగిపోవడం ఆమె వింటుందని కూడా తెలుసు.

"వద్దండీ," అంది. "వచ్చే విభావరి ఎప్పుడు?"

"జూన్ ఇరవై ఒకటి అంటున్నారు."

"బడులు తెరిచేస్తారు. అయినా వస్తాను. పాటని మాత్రం పద్దెనిమిదో నంబరులోనే ఉంచండి."

"ఆ రోజు ఉపన్యాసాలు తగ్గితేనో?" అన్నాడాయన. నవ్వుతున్నట్టే అన్నాడు గానీ కళ్ళలో నిజంగానే భయముంది.

"తగ్గనివ్వను. మళ్ళీ సన్మానం పెట్టిస్తాను. ఈసారి ఎనిమిది పేజీలు రాసుకొస్తాను," అంది ప్రభావతి.