ఎడమ పళ్ళెం

మా నాన్నకు ముక్కు మీద కోపం. నాకు వారసత్వంగా వచ్చిన ఆస్తి అదొక్కటే.

మా కొట్టులో రెండు పాలిష్ చక్రాలున్నాయి. గీతలూ మచ్చలూ తీసే నార చక్రం నాది. చివర్లో మెరుపు తెచ్చే గుడ్డ చక్రం నాన్నది. దాని ముందున్న పీట మీద కూర్చోవాలని నాకు పదేళ్లుగా కోరిక. ఆయనేమో ఒక్కనాడూ కూర్చోనివ్వలేదు. పని పూర్తయిందా లేదా అనడానికి ఆయన పరీక్ష ఆయనకుంది: వస్తువులో తన మీసం వెంట్రుకలు విడివిడిగా కనిపించాలి. కనిపించకపోతే అది మళ్ళీ నార చక్రానికి, అంటే నా నెత్తికి.

ఒకరోజు మూలికల కొట్టు పెద్దాయన ఇత్తడి త్రాసు తెచ్చాడు. "మా తాతది. చిటికెడు పొడి ఎక్కువైనా చెప్పేస్తుంది, జాగ్రత్త," అన్నాడు.

కుడి పళ్ళెం పొద్దున చేశాం. గుమ్మంలో ఎండ బాగా ఉంది, నాన్న ఒక్కసారికే సరేనన్నాడు. ఎడమది చేసేసరికి మబ్బు పట్టింది.

"మసగ్గా ఉందే అమ్మడూ."

మళ్ళీ రుద్దాను. ఆయన మళ్ళీ మెరుగు పెట్టాడు.

"ఇంకా మసకే."

"నా కనురెప్పలు కూడా కనిపిస్తున్నాయి కదా నాన్నా!"

"నాకు నేర్పుతున్నావా?"

ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. పళ్లు నూరుకుంటూ నాలుగోసారి కూడా రుద్దాను.

సాయంత్రం పెద్దాయన వచ్చి పళ్ళాలు తగిలించాడు. ఖాళీ త్రాసు కుడివైపుకి వాలిపోయింది.

"ఇదేంటమ్మా!"

ఎవరి నిర్వాకమో చెబుదామని తాడెత్తున లేచాను. అంతలో నాన్న ముందుకు వంగి, ముల్లుకు జానెడు దూరంలో మొహం పెట్టి అడిగాడు.

"వాలిందా? ఎటు?"

నా కోపమంతా చప్పున చల్లారింది. భయమేసింది.

"తప్పు నాదే పెద్దయ్యా. ఎడమది ఎక్కువ రుద్దేశాను, అరిగింది. కుడిది కూడా అంతే అరగదీసి రేపు ఇస్తాను," అన్నాను. పెద్దాయన గొణుక్కుంటూ వెళ్లాడు.

"అబద్ధం నీకు అచ్చిరాదే," అన్నాడు నాన్న.

"ఎన్నాళ్ల నుంచి?"

"ఆర్నెల్లయింది. పీట దిగమంటావని చెప్పలేదు."

ఏడుపొచ్చింది. "దిగమనను. కాస్త జరగమంటాను. రేపు కళ్ల డాక్టరు దగ్గరికి మాత్రం నడవాల్సిందే," అన్నాను.

ఆయన జరగలేదు. లేచి నిలబడి, పీట మీది దుమ్ము తన భుజం మీది గుడ్డతోనే దులిపాడు.

ముల్లు మధ్యకు వచ్చేదాకా కుడి పళ్ళెం కొద్దికొద్దిగా అరగదీసి, గుడ్డ చక్రం మీద మెరుగు పెట్టాను. నాన్న ముందు పట్టుకున్నాను. ఆయన చూడలేదు, బొటనవేలితో అంచంతా తడిమాడు.

"నా మీసం కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది. ఎడమవైపు దువ్వుకోలేదు."

ఆయన చెయ్యెత్తి ఎడమవైపు మీసం సవరించుకున్నాడు.