తోకగాడికి అన్నం పెట్టనిదెవరు?

తోకగాడు చచ్చిపోయాడు.

మెకానిక్ లిఫ్టు పైకప్పు మీద గొంతుక్కూర్చుని, గ్రీజు అంటిన వేలితో ఫోన్ తెరిచి చూశాడు. తెర మీద కుక్కపిల్ల కళ్ళు మూసుకుంది. తోక ఆగిపోయింది. పక్కన గిన్నె ఖాళీ.

ఆ కుక్కపిల్లను తయారు చేసింది అతనే. లిఫ్టులు బాగుచేయడం తప్ప ఇంకేమీ తెలియనివాడు, వీడియో పాఠాలు చూసి, తప్పుల మీద తప్పులు చేసి, కూతురి కోసం ఓ వెబ్ యాప్ రాశాడు. బటన్ నొక్కితే గిన్నె నిండుతుంది. వదిలేస్తే తోకగాడు చిక్కిపోతాడు. మరీ వదిలేస్తే చచ్చిపోతాడు. చచ్చాక మళ్ళీ లేవడు. ఆ నియమం కావాలనే పెట్టాడు.

ఎందుకంటే అసలు పందెం అదే. వీధి చివర టైలరమ్మ దగ్గర కుక్కపిల్ల ఒక్కటే మిగిలింది. దాన్ని ఇంకెవరో కూడా అడుగుతున్నారు. "శనివారం దాకా తోకగాణ్ణి బతికించు. నిజం కుక్కపిల్ల నీదే," అని కూతురికి మాటిచ్చాడు. కూతురు ట్యాబ్‌లో, తను ఫోన్‌లో అదే లింకు తెరిచారు.

వారమంతా ఏదో తేడా కొడుతూనే ఉంది. పనిలో ఉండగా ఎప్పుడు చూసినా గిన్నె ఖాళీ. ఇంటికెళ్ళి అడిగితే, "పెట్టాను నాన్నా, చూడు!" అని కూతురు ట్యాబ్ చూపించేది. అందులో గిన్నె నిండుగా ఉండేది. తన చెప్పుల చప్పుడు వినగానే గబుక్కున నొక్కేస్తోందని అతని అనుమానం. తను మాత్రం ఒక్కసారి కూడా బటన్ ముట్టుకోలేదు. పరీక్ష కూతురిది కదా.

ఇప్పుడింక అనుమానం కూడా లేదు. టైలరమ్మకు ఫోన్ కలిపాడు.

"మాకొద్దక్కా. ఆ అడిగినవాళ్ళకే ఇచ్చేయండి."

"అదేంటి తమ్ముడూ? మీ అమ్మాయి దానికి పేరు కూడా పెట్టేసిందిగా!"

"అన్నం పెట్టడం రానివాళ్ళకి పేర్లు పెట్టడమెందుకు?"

"సర్లే, నీ ఇష్టం. సాయంత్రం బుట్ట తీసుకుని వస్తామన్నారు వాళ్ళు."

అతను ఇల్లు చేరేసరికి కూతురు నేల మీద బోర్లా పడుకుని ట్యాబ్ చూస్తోంది.

"తోకగాడెలా ఉన్నాడు?"

"సూపర్‌గా ఉన్నాడు. బంతాడుతున్నాడు."

"అబద్ధాలు కూడా నేర్చావన్నమాట."

ట్యాబ్ లాక్కుని చూశాడు.

తోకగాడు తోక ఊపుతున్నాడు.

చచ్చినవాడు ఎలా లేచాడు?

"నా కోడ్‌లో ఏమన్నా కెలికావా?"

"నాకేం తెలుసు అవన్నీ!" కూతురు ట్యాబ్ వెనక్కి లాక్కుంది. "నువ్వే అడుగుతావు, నువ్వే నమ్మవు."

వంటింట్లోంచి భార్య తొంగిచూసింది. "ఏంటయ్యా, లిఫ్టు ఆగిపోయినా ఇలాగే మీద పడి అరుస్తావా?"

ఆ మాట సూటిగా తగిలింది. పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళకి తనే చెబుతాడు: ఫిర్యాదు చేసినవాళ్ళని అనుమానించకు, స్క్రూడ్రైవర్ అప్పుడే తీయకు, వాళ్ళతోపాటు లిఫ్టెక్కి వాళ్ళ చేతే బటన్ నొక్కించి చూడు.

కూతురి పక్కన చతికిలబడ్డాడు. ట్యాబ్ పక్కనే తన ఫోన్ పెట్టాడు. ఒక దాంట్లో గంతులేసే కుక్క, ఇంకో దాంట్లో చచ్చిన కుక్క.

"అమ్మ ఫోన్ కూడా పట్రా. ఆ లింకు దాంట్లో తెరువు."

కూతురు తెరిచింది. తెర మీద అట్టపెట్టె మూత లేచింది. అప్పుడే పుట్టిన కుక్కపిల్ల ఒకటి బయటికి తల పెట్టింది.

"వీడెవడు నాన్నా?"

మెకానిక్ మూడు తెరలనూ మార్చి మార్చి చూశాడు. ఒకే భవనంలో పక్కపక్కన లిఫ్టులు గుర్తొచ్చాయి. చూడ్డానికి అన్నీ ఒకటే. లోపల వైర్లు కలపకపోతే దేని బటన్ దానిదే. కుక్కపిల్ల సంగతులన్నీ పేజీ తెరిచిన ఫోన్‌లోనే దాచమని తను రాశాడు. పాఠంలో అలాగే ఉంది మరి. లింకు ఒకటే కాబట్టి కుక్కా ఒకటే అనుకున్నాడు.

"ఇవి వేరే వేరే కుక్కలు తల్లీ. నీ తోకగాడు నీ దగ్గరే ఉన్నాడు."

"అయితే నీ ఫోన్‌లో చచ్చిపోయింది ఎవరిది?"

"నాది."

"దానికి అన్నం ఎవరు పెట్టాలి?"

అతను గోడ గడియారం వైపు చూసి ఒక్క ఉదుటున లేచాడు. "బుట్ట!"

వీధంతా ఇద్దరూ పరుగే. టైలరమ్మ గుమ్మంలో ఓ పెద్దాయన బుట్ట పట్టుకుని నిలబడి ఉన్నాడు. కుక్కపిల్ల ఇంకా గుడ్డముక్కల కుప్పలోనే నిద్రపోతోంది.

"ఆగండి!" మెకానిక్ ఆయాసంతో గోడ పట్టుకున్నాడు. "అక్కా, తప్పు నాది. ఈ పిల్ల రోజూ పెట్టింది."

"పొద్దున ఫోన్‌లో అన్నం పెట్టడం రాదన్నావుగా?"

కూతురు ట్యాబ్ ముందుకు చాపింది. "నాది బతికే ఉంది. నాన్నదే చచ్చిపోయింది. రోజూ చూశాడంట, అన్నం మాత్రం పెట్టలేదంట."

పెద్దాయన తోకగాణ్ణి చూశాడు, మెకానిక్ మొహం చూశాడు. నవ్వాపుకుంటూ బుట్ట చంకలో పెట్టుకున్నాడు. "నేను ఇంకోచోట చూసుకుంటాలెండి. ఈయనకి పెంపకం నేర్పడానికైనా ఇంట్లో ఒకటి ఉండాలి."

కుక్కపిల్ల కూతురి చేతుల్లోకి వచ్చి ఆవులించింది. ఇంటిదారిలో కూతురు నడక ఆపి తండ్రి వైపు తిరిగింది.

"నాన్నా, రేపు పొద్దున దీనికి అన్నం నువ్వే పెట్టు."

"మరి నువ్వు?"

"నేనొచ్చి గిన్నె చూస్తా."